బటన్ మనది, బాధ వాళ్ళది

వెబ్ యాప్‌లో బటన్ పెట్టడానికి దారులు రెండు. బ్రౌజర్ ఎలాగూ ఇస్తున్న బటన్ ట్యాగ్ తీసుకుని, నాలుగు లైన్ల సీఎస్ఎస్ రాసి, పది నిమిషాల్లో పని ముగించడం ఒకటి. అలా ముగించినవాళ్ళకు హైక్ వచ్చిన దాఖలా మాత్రం లేదు. చేసిన పని మేనేజర్ కంట పడాలి, పదేపదే పడాలి, ఒళ్ళు మాత్రం అలవకూడదు. అది రెండో దారి. కరెంటు బిల్లు కట్టే పేజీ ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. ఇలా మొదలుపెట్టండి.

1. బటన్‌ను డివ్‌తో కట్టండి.

అసలు బటన్ ట్యాగ్ వాడితే ట్యాబ్ కీ దాని దగ్గరికి వస్తుంది, ఎంటర్ కొట్టినా స్పేస్ కొట్టినా పలుకుతుంది, చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అనే చదువుతుంది. ఇవన్నీ ఊరికే వచ్చేవి. ఊరికే వచ్చినదానికి టైమ్‌షీట్‌లో గంటలు వేయలేరు. కాబట్టి ఒక డివ్ తీసుకోండి, దానికి రంగేసి మూలలు గుండ్రంగా చేసి ఆన్‌క్లిక్ తగిలించండి. డెమోలో మౌస్‌తో నొక్కితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కొన్నాళ్ళకు టెస్టింగ్ వాళ్ళు ట్యాబ్ రావడం లేదని టికెట్ పెడతారు. ట్యాబ్‌ఇండెక్స్ చేర్చి మూసేయండి. స్క్రీన్ రీడర్ చదవడం లేదని ఇంకో టికెట్ వస్తుంది. రోల్ చేర్చి మూసేయండి. ఎంటర్ కోసం మూడోది వస్తుంది, దాన్నీ మూసేయండి. స్పేస్ కొడితే బటన్ నొక్కుకోకుండా పేజీ కిందికి జారిపోవడాన్ని వచ్చే స్ప్రింట్‌కు దాచుకోండి. ఒక్క బటన్, నాలుగు టికెట్లు. నెలాఖరు చార్టులో మీ గీతే అందరికంటే పైన ఉంటుంది.

ఎవరో సీనియర్ పట్టుబట్టి బటన్ ట్యాగే వాడమన్నారా? వాడండి, కానీ టైప్ రాయకండి. ఫారం లోపలున్న బటన్‌కు టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ అనే అనుకుంటుంది. "వెనక్కి" అని నొక్కినాయన ఫారం కాస్తా ముందుకు వెళ్ళిపోతుంది. ఇది బ్యాకెండ్ వాళ్ళ తప్పని వాళ్ళకే ఓ రెండు రోజులు అనిపిస్తుంది. ఆ రెండు రోజులూ మీవే.

2. ఫోకస్ గీతను చెరిపేయండి.

ట్యాబ్ కొట్టినప్పుడు మనం ఎక్కడున్నామో చూపించే ఆ నీలం గీత డిజైనర్‌కు నచ్చదు. ఫైలు మొదట్లోనే నక్షత్రం గుర్తు పెట్టి అవుట్‌లైన్ నన్ రాసేయండి. యాప్ మొత్తానికీ ఒకేసారి వదులుతుంది. మౌస్ వాడేవాళ్ళకు గీత దాచి కీబోర్డు వాడేవాళ్ళకు మాత్రమే చూపించే ఫోకస్-విజిబుల్ అనేది 2022 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ ఉంది. ఈ సంగతి డిజైనర్‌కు తెలిస్తే ఇద్దరికీ రాజీ కుదిరిపోతుంది. తెలియనివ్వకండి.

3. రంగులు లేతగా, ఇంకా లేతగా.

తెల్లటి పేజీ మీద మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 : 1 కాంట్రాస్ట్ ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. మీరు హెక్స్ 777 బూడిద రంగు వేయండి, 4.48 వస్తుంది. వందో వంతులు రెండు తగ్గినందుకు మిమ్మల్ని నిలదీసేవాడు ఎంత చాదస్తుడో మీటింగ్‌లో అందరికీ అర్థమవుతుంది. ఆ ధైర్యం వచ్చాక 999కు దిగిపోండి. అది 2.85. మీ టేబుల్ మీది ఇరవై ఏడు అంగుళాల మానిటర్‌లో చాలా నాజూగ్గా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడ బస్టాండులో నిలబడి ఫోన్‌లో బిల్లు కట్టేవాళ్ళకు ఏమీ కనిపించదు. వాళ్ళు స్ప్రింట్ రివ్యూకు రారు.

పనిచేసే బటన్‌కూ, పనిచేయని బటన్‌కూ ఒకే బూడిద రంగు వేయండి. ఎందుకు పనిచేయడం లేదో ఎక్కడా రాయకండి. టిక్ పెట్టాల్సిన గడి పేజీ అడుగున ఉంటుంది, కావాల్సినవాళ్ళు వెతుక్కుంటారు.

4. అక్షరానికి సరిగ్గా అక్షరమంతే ఎత్తు ఇవ్వండి.

తెలుగు యాప్ చేసేవాళ్ళు ఈ చిట్కాను అస్సలు వదలకూడదు. బటన్ లోపలి రాతను ఒక చిన్న పెట్టెలో పెట్టి, 14 పిక్సెళ్ళ ఫాంటుకు 14 పిక్సెళ్ళ ఎత్తే ఇచ్చి, లైన్-హైట్ 1 చేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ కొట్టండి. ఎందుకని అడిగితే, పొడుగు మాటల చివర మూడు చుక్కలు రావాలంటే ఓవర్‌ఫ్లో హిడెన్ తప్పదని చెప్పండి. అది నిజమే కూడా. సాకులో కాస్త నిజం కలిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలకు ఈ పెట్టె పెద్దగా ఇబ్బంది పెట్టదు. తెలుగులో కింద వత్తులుంటాయి కదా, అవి తెగిపోతాయి. "చెల్లించండి" అన్న బటన్ "చెలించండి" అంటుంది. "రద్దు" కాస్తా "రదు" అవుతుంది. వివరాలు నింపే చోట "స్త్రీ" అన్న ఎంపికకు కింద ఉన్నదంతా పోయి "సీ" మిగులుతుంది. పురుషుడు మాత్రం వత్తులేవీ లేనివాడు కాబట్టి చెక్కుచెదరడు.

లైన్-హైట్ 1.6 చేస్తే పోతుందని ఎవరైనా అంటే, డిజైన్ సిస్టమ్‌లో 1 అనే ఉందని తెరిచి చూపించండి. డిజైన్ సిస్టమ్ రాసినవాళ్ళు దాన్ని ఇంగ్లీషు పెట్టి చూశారు, వాళ్ళిప్పుడు వేరే ప్రాజెక్టులో ఉన్నారు. ముందు జాగ్రత్తగా తెలుగు పాఠాన్ని రిలీజ్ ముందు రోజు సాయంత్రం దాకా తెప్పించుకోకండి. అప్పుడొచ్చిన సమస్యకు "ట్రాన్స్‌లేషన్ ఇష్యూ" అని పేరు పెడితే అది మీ బోర్డు మీదికి రాదు.

5. డ్రాప్‌డౌన్‌ను సొంతంగా తయారుచేయండి.

బ్రౌజర్ ఇచ్చే సెలెక్ట్ ఫోన్‌లో వేలికి అందేలా తెరుచుకుంటుంది, ల్యాప్‌టాప్‌లో మొదటి అక్షరం కొడితే ఆ పేరు దగ్గరికి గెంతుతుంది. చూడ్డానికి మాత్రం పాతకాలం సరుకులా ఉంటుంది. దాన్ని పీకేసి డివ్‌లతో కొత్తది కట్టండి. తెలంగాణ 33 జిల్లాల పేర్లూ అందులో పోసి, ఒకసారికి మూడే కనిపించేంత ఎత్తు ఇచ్చి, స్క్రోల్‌బార్‌ను వెంట్రుకవాసి చేయండి. వేలు కాస్త జారితే జాబితా బదులు పేజీ కదలాలి.

వరస విషయంలో తొందరపడకండి. పేర్లు తెలుగులో చూపించండి, వరస ఇంగ్లీషు స్పెల్లింగ్‌దే ఉంచండి. ఆదిలాబాద్ తర్వాత భద్రాద్రి, ఆ తర్వాత హనుమకొండ, హైదరాబాద్, జగిత్యాల. కరీంనగర్ కోసం మొదట్లో వెతికిన ఆవిడ అది లేదనుకుని వెళ్ళిపోతుంది, వరంగల్ ఆయన ఎలాగూ అడుగుదాకా వెళ్ళాల్సినవాడే. అకారాది క్రమంలో పేర్చడానికి జావాస్క్రిప్ట్‌లోనే ఏర్పాటు ఉంది, ఒక లైను పని. ఆ ఒక్క లైనూ రాస్తే మిగతా పేజీ కూడా సరిచేయమంటారు.

2025లో క్రోమ్ 135తో అసలు సెలెక్ట్‌నే మనకు నచ్చినట్టు అలంకరించుకునే వీలొచ్చింది. ఈ వార్త టీమ్‌లో ఎవరి చెవినా పడకుండా చూసుకోండి.

6. పుట్టిన తేదీకి క్యాలెండరే పెట్టండి, టైపు చేయనివ్వకండి.

నెలకో బాణం నొక్కు చొప్పున వెనక్కి వెళ్ళాలి. 1958లో పుట్టిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు ఎనిమిది వందల నొక్కులు దాటాక తన పుట్టిన నెలకు చేరుకుంటారు. మధ్యలో ఫోన్ వస్తే మళ్ళీ ఈ నెల నుంచి. ఆయనకు కాలక్షేపం కల్పించామని రిపోర్టులో రాయండి. యూజర్లు పేజీలో గడిపే సమయం బాగా పెరిగిందని గ్రాఫ్ కూడా వేయొచ్చు.

7. అంకెలు కనిపిస్తే ఇన్‌పుట్ టైప్ నంబర్ అనండి.

సర్వీస్ నంబర్ అన్నా, ఆధార్ నంబర్ అన్నా, పేరులోనే నంబర్ ఉంది కదా. లోపల కర్సర్ ఉండగా మౌస్ చక్రం తిప్పితే అంకె మారిపోయే గుణం కొన్ని బ్రౌజర్లలో ఉంది. పేజీ కిందికి జరుపుదామని చక్రం తిప్పినాయన పక్కింటివాళ్ళ బిల్లు కట్టేస్తాడు. ఇరుగుపొరుగు బాగుంటారు.

ఓటీపీకి ఆరు గళ్ళు గీయండి, పేస్ట్ ఆపేయండి. సెక్యూరిటీ కోసం అనండి. సెక్యూరిటీ అన్నాక మారుమాట ఉండదు.

8. ముఖ్యమైన మాటలన్నీ హోవర్‌లో దాచండి. ఫోన్‌కు హోవర్ ఉండదు, అందుకని ఫోన్‌లో పేజీ మరీ శుభ్రంగా ఉంటుంది.

9. నొక్కాక ఏమీ జరగనట్టే ఉంచండి.

"చెలించండి" నొక్కిన మనిషికి తిరిగే చక్రం గానీ, "ఆగండి" అన్న మాట గానీ చూపించకండి. బటన్‌ను లాక్ చేయకండి. నాలుగు సెకన్లు చూసి ఆయన మళ్ళీ నొక్కుతాడు, ఇంకోసారి గట్టిగా నొక్కుతాడు. రెండు బిల్లులు కట్టినట్టు మెసేజ్ వస్తుంది. రిఫండ్ అనేది వేరే టీమ్ పరిధి. మీ టైమంతా నొక్కినప్పుడు బటన్ మెల్లగా ఉబ్బి వెనక్కి తగ్గే యానిమేషన్ మీద పెట్టండి. ట్రాన్సిషన్ ఆల్ అని రాస్తే రంగు, నీడ, వెడల్పు అన్నీ కలిసి ఊగుతాయి. కదలికలు తగ్గించమని ఫోన్ సెట్టింగ్‌లో చెప్పుకున్నవాళ్ళ కోసం మీడియా క్వెరీ ఒకటుంది. కళ్ళు తిరిగేవాళ్ళు బిల్లు కట్టడం మానుకోవాలి గానీ మన యానిమేషన్ ఎందుకు ఆగాలి?

10. మాట వినని ప్రతిదానికీ ఇంపార్టెంట్ తగిలించండి.

స్టైల్ ఎందుకు పట్టడం లేదో వెతకడం ఫ్రెషర్ల పని. ఆశ్చర్యార్థకం పెట్టి ఇంపార్టెంట్ అనండి. పక్క సీటువాడు కూడా అదే పెడితే మీది ఫైలులో ఇంకా కిందికి జరపండి. పాపప్ వెనక్కి పోతోందా? జెడ్-ఇండెక్స్ 9999. అయినా పోతోందా? 2147483647, చాలా బ్రౌజర్లలో అంతకు మించి లేదు. తల్లి డివ్‌కు ట్రాన్స్‌ఫార్మ్ గానీ, ఒకటి కంటే తక్కువ ఒపాసిటీ గానీ ఉంటే ఆ గుంపు బయట ఈ అంకె చెల్లదు. పాపప్ అప్పుడూ వెనకే ఉంటుంది. కానీ అంకె చూసిన రివ్యూయర్‌కు మీరు చేయగలిగిందంతా చేశారని తెలుస్తుంది.

11. సర్కారువారి జాబితాను సిలబస్‌గా వాడండి.

వినియోగదారులను మభ్యపెట్టే డిజైన్ ఎత్తులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. 13 రకాలు, ఒక్కోదానికీ ఉదాహరణలతో సహా. ఇంత శ్రద్ధగా, ఇంత క్లుప్తంగా, పైసా ఫీజు లేకుండా నేర్పే కోర్సు అమీర్‌పేటలో కూడా దొరకదు. కార్టులో మెల్లగా ఓ విరాళం చేర్చడం, "వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు" అని బటన్ మీద రాసి సిగ్గుపడేలా చేయడం, మెలిక ప్రశ్నలు, అన్నీ ఉన్నాయి.

మెలిక ప్రశ్న తెలుగులో మరీ బాగా పండుతుంది. "ఆటో-పే రద్దు చేయాలా?" అని అడిగి కింద "రద్దు", "సరే" అని రెండు బటన్లు పెట్టండి. "రద్దు" నొక్కితే ఆటో-పే రద్దవుతుందా, రద్దు చేయడం రద్దవుతుందా అన్నది మీరు కూడా ముందే నిర్ణయించుకోనక్కర్లేదు. ఏది జరిగినా దాన్నే ఉద్దేశించామని చెప్పొచ్చు.

12. సాకులు సిద్ధంగా ఉంచుకోండి.

మొదటి ఫిర్యాదుకు "నా సిస్టంలో బాగానే ఉందండీ" అనండి. రెండోదానికి "కాషే క్లియర్ చేసి చూశారా?" మూడోదానికి "డిజైన్‌లో అలాగే ఉంది, లింక్ పంపనా?" అనండి. పంపనా అనడమే గానీ పంపకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందని లీగల్ వాళ్ళు గుర్తుచేస్తే "యాక్సెసిబిలిటీ ఫేజ్ టూలో ఉంది" అనండి. ఫేజ్ టూ తేదీ అడిగితే ఫేజ్ వన్ ఇంకా పూర్తి కాలేదనండి.

13. క్లాసులకు మీకు మాత్రమే తెలిసే పేర్లు పెట్టండి.

బటన్-న్యూ, బటన్-న్యూ-ఫైనల్, బటన్-న్యూ-ఫైనల్-టూ. వాడుకలో ఉన్నది మొదటిది. మిగతా రెండూ తీసేస్తే లాగిన్ పేజీ కూలుతుంది, ఎందుకో రాసిపెట్టకండి. మీరు పేపర్ వేసిన రోజు ఈ పేర్ల విలువ మేనేజర్‌కు తెలిసొస్తుంది, కౌంటర్ ఆఫర్ వస్తుంది. రాకపోతే పని అప్పగించే కేటీ సెషన్‌ను ఆఖరి శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు పెట్టండి. కెమెరా ఆపేయండి, స్క్రీన్ షేర్ చేసి ఫైలు పైనుంచి కిందికి గబగబా జరపండి. డౌట్లుంటే వాట్సాప్ చేయమనండి. ఆఫీసు నంబరే ఇవ్వండి, సిమ్ ఎలాగూ సోమవారం వెనక్కి ఇచ్చేస్తారు.