పోలవరానికి 'పరామర్శ' నౌక వస్తోంది

అనుమతిదేశం అని ఒక దేశం ఉంది. పటంలో వెతక్కండి, గెజిట్‌లో దొరుకుతుంది. ఆ దేశపు ఏలినవారు ఈమధ్య ఒక మహానౌక కొన్నారు. ఏడు సముద్రాలూ దాటుతుందట, దొంగసరుకు పట్టుకుంటుందట, మునిగేవాళ్లను ఒడ్డుకు చేరుస్తుందట. సుంకం, రక్షణ రెండూ ఒక్క ఓడలోనే. పేరు 'పరామర్శ'. దాన్ని ఎక్కడ నిలపాలని తర్జనభర్జనలు పడి, సముద్రంలో అయితే జనం చూడరు గనుక పోలవరం దగ్గర గోదావరిలో లంగరు వేయిద్దామని తీర్మానించారు.

"ఓడ ఏటికెదురు ఎలా వస్తదండీ బాబూ? ధవళేశ్వరం ఆనకట్ట ఉంది, దాని ఎగువన పోలవరం స్పిల్‌వే 48 గేట్లతో అడ్డంగా నిలబడింది గదా!" అన్నాడు రేవులో ఒక సరంగు.

ఏలినవారు నవ్వి కాగితం చూపించారు. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి 2008లోనే జాతీయ జలమార్గం-4లో చేరింది. కాగితం ప్రకారం ఇది నౌకలు తిరిగే నది. అదే నదికి అడ్డంగా వస్తున్నదీ జాతీయ ప్రాజెక్టే. రెంటికీ పేచీ లేదు, రెండు ఫైళ్లూ వేరు వేరు బీరువాల్లో ఉన్నాయి కాబట్టి. పడవలు దాటే దారి డిజైనులో భద్రంగా ఉంది. పాపికొండలు చూడబోయే బోట్లు మాత్రం డ్యాముకు ఎగువన, గండిపోచమ్మ గుడి లాంటి రేవుల నుంచే బయల్దేరుతాయి.

ఓడ సంగతి కాస్త చెప్పాలి. పై అంతస్తులో ఎక్స్‌గ్రేషియా విభాగం, దాని మీద హెలిప్యాడు. కింది అంతస్తులో ముద్రల గది. అడుగున ఓడ ఒరిగిపోకుండా బరువు వెయ్యాలి గదా, అక్కడ విచారణ కమిటీల నివేదికలు పేర్చారు. కృష్ణలో పవిత్రసంగమం దగ్గర 2017 నవంబరులో పడవ తిరగబడ్డప్పటివి ఒక వరస. 2018 మేలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగినప్పటివి ఇంకో వరస. ఇంత బరువున్న ఓడ ఏ తుపానుకూ కదలదు. మామూలు రోజుల్లోనూ కదలదనుకోండి, అది వేరే సంగతి.

నిజానికి ఒకే ఓడలో రెండు పనులన్న ఆలోచన వెర్రిదేమీ కాదు. మన కోస్ట్ గార్డు చట్టం 1978లో వచ్చింది. ఆపదలో ఉన్న జాలర్లను ఆదుకోవడం, దొంగరవాణా ఆపడంలో కస్టమ్స్‌కు తోడుండడం, రెండూ వాళ్ల విధులే. సముద్రం మీద ఆ రెండూ ఒకే పడవలో ప్రయాణిస్తాయి. గోదావరి ఎక్కేసరికి ఒకటే మిగిలింది. ఏది మిగిలిందో మీకు చెప్పక్కర్లేదు.

సుంకం వైపు మనవాళ్ల చురుకు చూడండి. 2024 నవంబరు 29న కాకినాడ సముద్రంలో రేషను బియ్యం ఎత్తుకున్న 'స్టెల్లా ఎల్' అనే ఓడ కోసం సాక్షాత్తూ ఉపముఖ్యమంత్రే పడవెక్కి వెళ్లారు. ఆయన అన్న "సీజ్ ద షిప్" మాట పిల్లల నోట కూడా ఆడింది. తనిఖీలో 1,320 టన్నుల రేషను బియ్యం తేలిందన్నారు. వాటిని దించుకుని, నెల దాటాక, ఓడ దాని దారిన అది వెళ్లిపోయింది. పోనీ, పేదోడి బియ్యం కోసం ఆపాటి హడావిడి జరిగితే నాకు సంతోషమే. బియ్యం బస్తా కోసం సముద్రంలోకి వెళ్లిన రాజ్యం, మనిషి కోసం ఏట్లోకి ఎప్పుడు దిగుతుందా అన్నదే నా దిగులు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద. 'రాయల్ వశిష్ఠ' బోటు 77 మందితో గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరి కచ్చులూరు దగ్గర తిరగబడింది. మా అనుమతి లేదని పర్యాటక శాఖ అంది. లైసెన్సు కాకినాడ పోర్టు ఇచ్చిందన్నారు. అంటే సముద్రపు ముద్ర అప్పటికే గోదావరి ఎక్కి వచ్చేసింది, నౌక ఒక్కటే రాలేదన్నమాట. ఆ రోజు వచ్చినవాళ్లు కచ్చులూరు గిరిజనులు. జీపీఎస్ లేదు, సైరన్ లేదు, యూనిఫారం లేదు. ఉన్న పడవలు వేసుకుని వరదలోకి వెళ్లి, చేతికందిన వాళ్లందర్నీ లాక్కొచ్చారు. బతికింది 26 మంది.

ఆ తరవాత రాజ్యం వచ్చింది. హెలికాప్టర్లు, గజ ఈతగాళ్లు, సోనార్లు అన్నీ వచ్చాయి. రెండు వందల అడుగుల పైన లోతులో బోటు ఎక్కడుందో యంత్రాలు చెప్పాయి. చెప్పగలిగాయి గాని తియ్యలేకపోయాయి. చివరికి కాకినాడ నుంచి మేస్త్రి ధర్మాడి సత్యం తన మనుషులతో దిగాడు. లంగర్లు, ఇనప తాళ్లు, ఒడ్డున పొక్లెయిన్. 22.7 లక్షల రూపాయల పని. తాడు తెగితే మళ్లీ వేశారు, మళ్లీ లాగారు. అక్టోబరు 22న, 38వ రోజున, ఛిద్రమైన బోటు పైకొచ్చింది. అప్పటికీ అందులో శవాలున్నాయి. కాపాడింది గిరిజనులు, తీసింది ప్రైవేటు మేస్త్రి. ముద్ర వేసింది మాత్రం ఎవరో ఎవరూ ఒప్పుకోరు.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ తరవాత రాష్ట్రంలో తొమ్మిది బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు, గండిపోచమ్మ దగ్గరా ఒకటి. తాగారేమో ఊదించి చూసే యంత్రాలొచ్చాయి, లైఫ్ జాకెట్టు తొడుక్కోందే ఎక్కొద్దన్నారు. మంచిదే. కానీ ఆ గదుల చూపంతా టిక్కెట్టు కొన్న బోటు మీద. టిక్కెట్టు లేకుండా మునిగేవాళ్ల సంగతో? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో జనం గుట్టలెక్కి కూర్చున్నారు. వాళ్ల ఊళ్లు ప్రాజెక్టు కింద ఎలాగూ మునిగేవే గనుక, ముందుగా మునిగితే కొంపేం మునిగిందని కాబోలు, ఏలినవారు మొదట ఆకాశం నుంచి చూసి వెళ్లారు. 'పరామర్శ' మీద హెలిప్యాడు ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

నౌక ప్రారంభోత్సవానికి అనుమతిదేశం పెద్దలు పోలవరం వస్తున్నారు. కొబ్బరికాయ కొడతారు, రిబ్బను కత్తిరిస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు ఏటిగట్టు మీద కారు దిగబడితే కచ్చులూరు వాళ్లే వచ్చి లాగాలి.

అందుకే ఏలినవారికి నాదొక విన్నపం. ఓడ మాకొద్దండి. గండిపోచమ్మ నుంచి పేరంటపల్లి దాకా ప్రతి రేవులోనూ ఒక ఇంజను పడవ పెట్టించండి. దాంట్లో పొడుగాటి తాళ్లు, ఏడాది పొడవునా డీజిలు ఉంచండి. ఆ ఊళ్లలో సుడులు తెలిసిన కుర్రాళ్లను నెల జీతం మీద పెట్టుకోండి. వాళ్ల పేర్లు, ఫోను నంబర్లు రేవు బోర్డు మీద తెలుగులో రాయించండి. ఇందులో దేనికీ టెండరు అంత పెద్దది రాదని నాకు తెలుసు, అయినా రాయించండి.