విపత్తు నిర్వహణ: ప్లెయిన్స్‌బరో పద్ధతి

వ్యవసాయంలో ప్రకృతి విపత్తుల ముప్పును తప్పించుకునే మార్గాలన్నిటిలో పటిష్ఠమైనది పొలానికీ తనకూ మధ్య మహాసముద్రాలు ఉండేలా చూసుకోవడమేనని న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరోలో స్థిరపడిన తెలుగు భూయజమాని ఆచరణలో నిరూపించాడు. ఆ ఊరూ ఒకప్పటి పాడిసీమే. 50 ఆవులను ఒకేసారి గుండ్రంగా తిప్పుతూ పాలు పితికే రోటోలాక్టర్ అనే యంత్రాన్ని వాకర్ గోర్డన్ డెయిరీ 1930లో నెలకొల్పింది అక్కడే. 1971లో ఆ పాడి మూతపడగా, నేడు ఆ నేలన ఇళ్లు పండుతున్నాయి. ఇళ్లు గాలివానకు వరిలా పడిపోవు కనుక పంట మార్పిడికి ఇది మేలైన ఉదాహరణ.

ఈ యజమానికి బీమా అంటే అపారమైన గౌరవం. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను శేషం న్యూజెర్సీని ముంచెత్తాక, మామూలు ఇంటి బీమాలో వరద నష్టం చేరదనీ, అందుకు 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకం కింద వేరే పాలసీ కావాలనీ, అందులోనూ పొడినేల రెండెకరాలైనా, రెండు ఆస్తులైనా మునిగితేనే దాన్ని వరదగా లెక్కిస్తారనీ సన్నక్షరాలతో సహా చదివి, పెట్టవలసిన చోటల్లా సంతకం పెట్టాడు. సంతకం విలువ అంతగా తెలిసినవాడు కనుకనే కృష్ణా డెల్టాలోని తన నాలుగెకరాల విషయంలో దాన్ని మహా పొదుపుగా వాడతాడు.

ఆ నాలుగెకరాలు సాగు చేసేది కౌలు రైతు, అంటే ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకుని, విత్తనం, ఎరువు, అప్పు, తుఫాను తన వాటాకు ఉంచుకునేవాడు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం చేస్తే అతడికి సాగుదారు కార్డు వస్తుంది. బ్యాంకు రుణానికీ, పంటల బీమాకూ, పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్నప్పుడు ఇచ్చే పెట్టుబడి రాయితీకీ అదే ఆధారం. దానివల్ల భూమిపై ఏ హక్కూ సంక్రమించదని చట్టం చెబుతున్నా, సన్నక్షరాలు చదివిన కంటికి ఆ వాక్యం మాత్రం ఆనదు. “బాబుగారూ, ఒక్క సంతకం” అని ఫోను వస్తే, “ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే” అన్న జవాబు వెళుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన వరి పనల మీదే నానింది, కంకుల మీదే గింజ మొలకెత్తింది. కార్డు లేనిచోట ఈ-క్రాప్, అంటే ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో తెలిపే ప్రభుత్వ నమోదు, తరచు యజమాని పేరే పలుకుతుంది కాబట్టి, మునిగింది ఒకరి పెట్టుబడి కాగా పరిహారం ఇంకొకరి ఖాతా వెతుక్కుంటుంది. రిస్కు బదిలీ, అనగా నష్టభయాన్ని ఒకరి నెత్తి నుంచి మరొకరి నెత్తికి మార్చడం, ఇంత చవకగా ఏ బీమా కంపెనీకీ సాధ్యం కాలేదు.

గడువు తీరాక ఆ ఒప్పందం చెల్లదు, పాస్‌బుక్కులో పేరు మారదు. ప్లెయిన్స్‌బరోలోనూ, పక్కనే ఉన్న వెస్ట్ విండ్సర్‌లోనూ ఉంటున్న పొలాల యజమానులు వచ్చే ఖరీఫ్ నాట్లు పడేలోగా ఆ సంతకం పెట్టాలి.