వన్స్‌మోర్ సారు

హైదరాబాదు-విజయవాడ రహదారి నుంచి అద్దంకి రోడ్డు చీలే నార్కట్‌పల్లిలో చాయ్ హోటళ్లకు కొదువ లేదు. ఏ హోటల్లో కూర్చున్నా ఒక నాటకాల సారు తగులుతాడు. బడి నుంచి రిటైరైనవాడే, నాటకం నుంచి మాత్రం కాలేదు. చెరువుగట్టు జాతరకు ఎంతమంది వచ్చారని అడగండి, తెలియదంటాడు. ఫలానా ఏడు ఫలానా ఊళ్లో హరిశ్చంద్రుడు కాటి సీను ఏ శ్రుతిలో ఎత్తుకున్నాడో అడగండి, మీ బస్సు పోయిందాకా చెబుతాడు. ఊరి పిల్లలు ఆయనకు వన్స్‌మోర్ సారు అని పేరు పెట్టారు. అది ఆయనకు తెలుసు, సంతోషం కూడా.

సారు నాటకం చూడడు, వింటాడు. కుర్చీ స్టేజీకి ఎదురుగా వేసుకోడు, హార్మోనియం పక్కన వేసుకుంటాడు. హరిశ్చంద్రుడు చివరికి గెలుస్తాడని చిన్నప్పటి నుంచి తెలిసినవాడికి ఇక కథతో పనేముంది? బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోకి జాషువా శ్మశానం పద్యాలు వచ్చి చేరాయని ఎవరైనా విడమరచబోతే చేయి అడ్డం పెడతాడు. "ఎవలు రాస్తే ఏంది, రాగం తియ్యనియ్యి" అంటాడు.

తెల్లవారుజాము మూడింటికి కాటి సీను. సగం ఊరు చాపల మీద గుర్రు పెడుతుంటుంది. పద్యం చివర నటుడు రాగం అందుకోగానే సారు కళ్లు మూతపడతాయి, కుడిచేయి మెల్లగా లేస్తుంది. అటు నటుడు ఊపిరి బిగబడితే ఇటు సారూ బిగబడతాడు. మెడ నరాలు ఇద్దరికీ ఒకేసారి ఉబ్బుతాయి. రాగం దిగీ దిగకముందే "వన్స్‌మోర్!" అన్న కేకకు చాపల మీది పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. సారు వంద నోటు తీసి స్టేజీ ఎక్కుతాడు. పిన్నీసు కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. కొడుకు శవానికి కాటి సుంకం కట్టలేక చంద్రమతి గుండెలు బాదుకుంటుంటే, ఆ సుంకం అడుగుతున్నవాడి గొంగడికి నోట్లు వేలాడుతుంటాయి. ఇదేం అన్యాయమని సారుకు ఒక్కనాడూ తోచలేదు.

ఇలాంటి మనిషిని 2011 నవంబరులో బిడ్డ, అల్లుడు న్యూజెర్సీలో ఒక సినిమా హాలుకు తీసుకుపోయారు. గాంధీ మీద సినిమా అనుకుని అల్లుడు టికెట్లు కొన్నాడు. తీరా చూస్తే అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా నుంచి నేరుగా తెర మీదికి వస్తున్న 'సత్యాగ్రహ'. ఫిలిప్ గ్లాస్ కట్టిన ఒపేరా అది, 1980లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో మొదట ఆడింది. గాంధీ దక్షిణాఫ్రికాలో ఉన్న కాలం కథ. పాడేదంతా సంస్కృతం, అందులోనూ భగవద్గీత శ్లోకాలు. పాటకు ఇంగ్లీషు అర్థం కింద పడుతూ ఉండదు. అక్కడక్కడ కొన్ని మాటలు రంగస్థలం మీదే మెరిసి పోతాయి.

మన దగ్గర గీత మైకులో వినబడిందంటే వాడకట్టులో ఎవరో కన్నుమూశారని లెక్క. ఘంటసాల 1974లో పోయాడు గానీ, ఆయన పాడిన గీత ఇప్పటికీ చుట్టాలకంటే ముందే చావింటికి చేరుతుంది. అందుకని తెర మీద గాంధీ వేషధారి శ్లోకం ఎత్తుకోగానే సారు బిడ్డ చెవిలో అడిగాడు.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవలు పోలే నాయినా, ఇప్పుడే షురువైంది."

అల్లుడు రెండో సీనుకే నిద్రపోయాడు. సారు మాత్రం కదల్లేదు. తొలి సీనులోనే కృష్ణార్జునులు కనబడటంతో, ఇక రాయబారం పద్యం పడుతుందని కాచుకున్నాడు. పడలేదు. పాత వార్తాపత్రికలతో చేసిన నిలువెత్తు బొమ్మలు లేచి నడిచాయి, పాడిన ముక్కే మళ్లీ మళ్లీ పాడారు. పారిస్‌లో రవిశంకర్ దగ్గర మన తాళం లెక్క పట్టుకున్నవాడు, కేరళ పోయి కథకళి చూసినవాడు కట్టిన సంగీతం. తొందరపడేవాడికి అది కొరుకుడు పడదు.

చివరికి రిచర్డ్ క్రాఫ్ట్ అనే గాయకుడు గాంధీ వేషంలో ఒంటరిగా నిలబడి గీత నాలుగో అధ్యాయం శ్లోకాలు అందుకున్నాడు. కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒక్కో మెట్టే ఎక్కే వరస. సారు చేయి లేచింది. వరస ముగియగానే న్యూజెర్సీ సినిమా హాల్లో నార్కట్‌పల్లి "వన్స్‌మోర్!" వినబడింది. జనం వెనక్కి తిరిగి చూశారు, బిడ్డ తల దించుకుంది. తెర మీది గాంధీ మళ్లీ మొదటి నుంచి పాడాడు. తర్వాత మళ్లీ. ఆ వరసను ముప్పైసార్లు పాడాలని గ్లాస్ ముందే రాసిపెట్టాడని ఎవరెన్నిసార్లు చెప్పినా సారు నమ్మడు. తన కేక న్యూయార్క్ దాకా చేరిందనే ఆయన నమ్మకం.

తిరిగొచ్చాక హోటల్లో పంచాయితీ.

"గాంధీ ఏం పాడిండు సారూ?"

"తోడి స్వరాలు పాడిండు. గమకం లేదు. ఎక్కుడే గానీ దిగుడు లేదు. కానీ ఊపిరున్నోడు."

"కథేంది?"

"కథతోని నీకేం పని?"

నా లెక్కలో కొత్త ఒపేరాలకు కావలసిన శ్రోత ఇతనే. గ్లాసుదే 'ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్' అని ఇంకొకటుంది. 1976లో ఫ్రాన్సులోని అవిన్యాన్‌లో మొదట ఆడారు. దాదాపు ఐదు గంటలు, మధ్యలో విరామం లేదు, ప్రేక్షకులు ఇష్టమొచ్చినప్పుడు లేచిపోయి ఇష్టమొచ్చినప్పుడు రావచ్చు. ఇది పెద్ద విప్లవమని పండితులు రాశారు. సారుకు చెబితే "మనూర్ల పొయ్యేటోణ్ని ఎవలాపిండ్రు?" అన్నాడు. జర్మనీకి చెందిన స్టాక్‌హౌజెన్ వారంలోని ఏడు రోజుల పేర్లతో ఏడు ఒపేరాలు రాశాడు, మొత్తం కలిపితే 29 గంటలంటే "సప్తాహం" అని తలూపాడు. అందులో ఒకచోట నలుగురు వాద్యకారులు నాలుగు హెలికాప్టర్లెక్కి గాల్లో వాయిస్తారంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్క లీడరు హెలికాప్టర్ దిగితెనే మైకు ఇనబడది. ఇగ నాలుగా?"

ఇంత పెద్ద మనసున్న సారు దగ్గరికి ఒక కుర్ర మాస్టరు కొత్త పద్యనాటకం పట్టుకొచ్చాడు. మర్రిగూడ వైపు బోరింగుల ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల గురించి. పద్యాలు బాగున్నాయి, ఒకటి తోడిలోనే కట్టాడు కూడా. సారు కళ్లద్దాలు తీసి చూశాడు.

"బోరింగు మీద పద్యమా?"

"సుద్దాల హనుమంతు వీర తెలంగాణ మీద యక్షగానం రాయలేదా సారూ? మీరే అమెరికల గాంధీ మీద ఇని వస్తిరి."

"అది అమెరికల. ఈడ హరిశ్చంద్ర ఉండంగ బోరింగెందుకు?"

ఈ ఒక్క విషయంలో సారూ న్యూయార్కువాళ్లూ ఒకటే. అక్కడా 1896 నాటి పుచ్చీని 'లా బొహీమ్' అంటే జనం ఎగబడతారు, కొత్తది అంటే సణుగుతారు. ఒపేరాకైనా పద్యనాటకానికైనా పాతదాన్ని ప్రాణంగా ప్రేమించేవాడే కొత్తదానికి గుమ్మంలో అడ్డం.

అందుకే జాతర కమిటీలకు నా మనవి. కొత్త నాటకం పెట్టండి, పేరు మాత్రం సారుకు చెప్పకండి. హార్మోనియం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆయన మూడు నోట్లు గుచ్చాక, అది బోరింగు పద్యమని మైకులో చెప్పండి.