మా రోజుల్లో కాగితం కింద ఒక సంతకం ఉండేది

మా రోజుల్లో సర్కారు ఆఫీసులో అర్జీ పెడితే దానికి ఇన్‌వార్డ్ నంబరు పడేది, తారీఖు ముద్ర పడేది. తపాల్లోంచి అది ఏ గుమాస్తా బల్ల మీదికి పోయిందో రిజిస్టరులో రాసేవాళ్ళం. రాసినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను. తాలూకాలున్న కాలం నుంచి మండలాలు వచ్చి పాతబడేదాకా నా ఉద్యోగం ఆ రిజిస్టరు ముందే గడిచింది. రైతు వచ్చి "నా అర్జీ ఏమైందయ్యా" అంటే పేజీ తిప్పి, ఫలానా సీటులో ఉంది, ఆయన సెలవులో ఉన్నాడు, సోమవారం రా అని చెప్పేవాళ్ళం. పని ఆలస్యమయ్యేది. చేయి తడిపితేగాని కదలనివాళ్ళూ ఉండేవాళ్ళు. అది దాచను. అయినా ఎవరిని నిలదీయాలో రైతుకు తెలిసేది. అర్జీ కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో నాలుగు వాక్యాలు, కింద అధికారి సంతకం, ఎన్ని రోజుల్లో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చో ఒక ముక్క ఉండాల్సిందే. కారణం రాయని ఉత్తర్వు పై ఆఫీసులో నిలబడేది కాదు. మా తహసీల్దార్లు దానికి భయపడేవాళ్ళు. ఆ భయం చాలామంది రైతుల్ని కాపాడింది.

ఇప్పుడు మా సూర్యాపేట జిల్లా పాలకీడు నుంచి, పక్కనున్న నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడల నుంచి పిల్లలు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా పోతున్నారు. కోదాడలో ఇంజనీరింగ్ చదివి, సాగర్ ఎడమకాలువ కింద ఉన్న ఎకరమో రెండెకరాలో అమ్మించి, మిగిలింది బ్యాంకులో లోను తెచ్చుకుని విమానం ఎక్కినవాళ్ళు. ఇక్కడ తండ్రి మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలి వడ్డీ కడుతుంటాడు. తల్లి ఫోనులో "తిన్నావా బిడ్డా" అని అడిగాక రెండో మాటగా "నీ కేసు ఏమైంది" అంటుంది. వీసా, ఐ-20, ఓపీటీ, ఆర్‌ఎఫ్‌ఈ అనే మాటలు వరి, మిరప మాటల్లా ఆడవాళ్ళ నోట కూడా నలిగిపోయాయి.

మా బజారులో ఒక పిల్లాడు ఉన్నాడు. చదువు మధ్యలో ఊరికి వచ్చి చిక్కుకుపోయాడు. ఏ దేశమో చెప్పను. తన కాగితాన్ని మళ్ళీ చూడమని ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకున్నాడు. రోజూ ఫోను తెరిచి నాకు చూపిస్తాడు. అందులో ఒకటే వాక్యం, మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది అని. "ఎవరు పరిశీలిస్తున్నారురా" అని అడిగాను. "పేరుండదు తాతా" అన్నాడు. "ఏ ఊళ్ళో?" "అదీ ఉండదు." "పోనీ ఎప్పటిలోగా?" దానికి తల అడ్డంగా ఊపాడు. డెబ్బై ఏళ్ళు దాటినవాణ్ణి, ఆఫీసు అంటే ఏమిటో తెలిసినవాణ్ణి. ఇట్లాంటి ఆఫీసును ఎన్నడూ చూడలేదు.

అమెరికా ఫైళ్ళకు కూడా ఒకప్పుడు ఊరు ఉండేది. వాళ్ళిచ్చే రసీదు నంబరు ముందు మూడు అక్షరాలు ఉండేవి. ఎల్ఐఎన్ అంటే నెబ్రాస్కాలోని లింకన్, ఈఏసీ అంటే తూర్పున వెర్మాంట్, డబ్ల్యూఏసీ అంటే కాలిఫోర్నియా, ఎస్ఆర్‌సీ అంటే టెక్సాస్. ఫైలు ఏ గోదాములో ఉందో నంబరు చూసి మన పిల్లలు చెప్పేవాళ్ళు. లింకన్‌లో తొందరగా అవుతుందట, కాలిఫోర్నియాలో ఆలస్యమట అని పందిరి కింద కూర్చుని మాట్లాడుకున్న రోజులు నాకు గుర్తే. ఇప్పుడు కంప్యూటర్లో పెట్టినవాటికి ఐఓఈ అని పడుతుంది. ఎలక్ట్రానిక్ ఫైలు అనటానికి అది గుర్తట. ఊరి పేరు పోయి ఆ మూడక్షరాలు మిగిలాయి.

ఆ రోజుల్లో కష్టం లేదని కాదు. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా వీసా కోసం మద్రాసు పోవాలి. మిర్యాలగూడలో రాత్రి బండి ఎక్కి, పొద్దున మద్రాసులో దిగి, మౌంట్ రోడ్డు మీద ఎండలో నిలబడి, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని లోపలికి పోయేవాళ్ళు. కానీ అద్దం అవతల మనిషి ఉండేవాడు. "మీ నాన్న ఏం చేస్తాడు, ఎంత భూమి ఉంది" అని అడిగేవాడు. కాదన్నా ముఖం చూసి కాదనేవాడు. ఇంటర్వ్యూ ఇప్పుడూ ఉంది, 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో కొత్త భవనంలో జరుగుతోంది. నా పోరు దానితో కాదు. అక్కడికి పోయి చేరాక, ఏదైనా తేడా వస్తే, ఆ తేడాను మళ్ళీ చూడమని అడిగే చోట మనిషి కనపడటం లేదు. నా పోరంతా దానితో.

2025 ఏప్రిల్‌ను తీసుకోండి. అమెరికాలో విదేశీ విద్యార్థుల లెక్కంతా సెవిస్ అనే వ్యవస్థలో ఉంటుంది. 2003 నుంచి అది నడుస్తోంది. ఆ వసంతంలో వేలమంది పిల్లల రికార్డులు అందులో ఉన్నట్టుండి టర్మినేట్ అయిపోయాయి. చాలామందికి ఉత్తరం రాలేదు, ముందు నోటీసు లేదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల్ని చూసే ఉద్యోగి, డీఎస్‌ఓ అంటారు, పొద్దున కంప్యూటరు తెరిచి చూసి పిల్లాడికి కబురు పెట్టాడు. కారణమేమిటని చూస్తే స్పష్టంగా ఉండదు. వాషింగ్టన్ ఫెడరల్ కోర్టులో జడ్జి గుచ్చి గుచ్చి అడిగితే అధికారులు చెప్పిన మాట ఇది: పది ఇరవైమంది ఉద్యోగులు సుమారు 13 లక్షల పేర్లను పోలీసు రికార్డుల డేటాబేస్‌లో వేసి చూశారు, 6,400 దాకా కలిశాయి. కలిసిన పేర్లలో ట్రాఫిక్ టికెట్టు పడ్డవాళ్ళు, కేసు కొట్టేసినవాళ్ళు, అసలు నేరం రుజువు కానివాళ్ళు ఉన్నారు. అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం దగ్గరికి వచ్చిన 327 ఫిర్యాదులు చూస్తే సగం మంది భారతీయులే. భారతీయులంటే అందులో మనవాళ్ళు ఎందరుంటారో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పేర్లు కలిశాయా లేదా చూడటం యంత్రం పని, అంతవరకు బాగానే ఉంది. పేరు కలిసిన తర్వాత ఆ పిల్లాడి ఫైలు తెరిచి, ఆ టికెట్టు ఏమిటి, కోర్టు ఏమన్నది అని చదివే గుమాస్తా ఒకడు ఉండాలి. ఇన్‌వార్డ్‌లో అడుగుపెట్టిన తొలి వారంలోనే మాకు నేర్పిన పని అది. ఒకే పేరున్న ఇద్దరు రైతుల పట్టాలు కలవకుండా తండ్రి పేరు, సర్వే నంబరు చూసేవాళ్ళం. చదువు తక్కువ గుమాస్తాలం చేసిన ఆ పనిని అంత పెద్ద దేశం మానేసింది. పిల్లలు కోర్టులకెక్కారు. జడ్జీలు ఒకరి తర్వాత ఒకరు ఆ రద్దులను ఆపారు. ఏప్రిల్ 25న రికార్డులు తిరిగి చేరుస్తున్నామని ప్రభుత్వం కోర్టులో చెప్పింది. ఆ మధ్యలో భయపడి టికెట్టు కొనుక్కుని వచ్చేసిన పిల్లల మాటేమిటి? వాళ్ళ అప్పు ఎవరు కడతారు?

మన పిల్లలకు ఇది కొత్త దెబ్బ కూడా కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూసేసినప్పుడు, అందులో చదివినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. పేపర్లో ఆ ఫొటో చూసి మా ఆఫీసులో అందరం పని ఆపేశాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అక్కడి ప్రభుత్వమే దొంగ కాలేజీ పెట్టి పట్టుకుంది. పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులని మొదట చెప్పారు. అప్పుడు మన రాయబార కార్యాలయం 24 గంటల హాట్‌లైన్ పెట్టింది, ఫోను ఎత్తేవాడు ఒకడున్నాడు. పిల్లలందరూ అమాయకులని నేను అనను. కొందరికి కన్సల్టెన్సీవాడు చెప్పింది అబద్ధమని తెలుసు. ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో విడదీయటానికే కదా పరిశీలన అనేది ఉండేది.

పోర్టల్ ఉండి అప్పీలు లేకపోతే ఏమవుతుందో అమెరికా పోయి తెలుసుకోవాల్సిన పనిలేదు. మా మండలంలో ఏ రైతును అడిగినా చెబుతాడు. 2020 అక్టోబరు 29న ధరణి అనే భూముల పోర్టల్ వచ్చింది. అదే ఏడు చేసిన చట్టంలో రెవెన్యూ కోర్టులు తీసేశారు. భూమి వివాదం పేరుతో పార్ట్-బి లో పడ్డా, నిషేధిత జాబితాలో చేరినా, విస్తీర్ణం తప్పుపడినా తహసీల్దారు "నా చేతిలో లేదు, ఆన్‌లైన్‌లో పెట్టుకో" అనేవాడు. మీసేవకు పోయి రుసుము కడితే, కొన్నాళ్ళకు తిరస్కరించాం అని ఒక ముక్క వచ్చేది. మళ్ళీ రుసుము, మళ్ళీ అర్జీ. లేదంటే సివిల్ కోర్టు. రెండెకరాల రైతు సివిల్ కోర్టుకు పోతే ఏమవుతాడో ఊళ్ళో అందరూ చూశారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చి, తహసీల్దారు మీద ఆర్డీఓకు, ఆర్డీఓ మీద కలెక్టరుకు అప్పీలు మళ్ళీ పెట్టారు. నాలుగున్నరేళ్ళు పట్టింది. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి, దాని మీద మరోసారి తగాదా పెట్టుకుంటాను. తప్పు చూసే మనిషిని తీసేస్తే ఏమవుతుందో ఒక ప్రభుత్వం ఒప్పుకుని చట్టం మార్చింది. ఆ ఒప్పుకోలు పెద్దది.

మిగతా దేశాల సంగతి కొంత నయం, కొంత భారం. ఇంగ్లండులో వీసా కాదంటే చాలా రకాల అర్జీల మీద అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అడగొచ్చు. ఆ దేశంలో ఉంటే 14 రోజుల్లో, బయట ఉంటే 28 రోజుల్లో, 80 పౌండ్లు కట్టి ఆన్‌లైన్‌లోనే. మొదట కాదన్న ఉద్యోగి కాకుండా వేరొకరు చూడాలి. ఆ నియమం నాకు నచ్చింది, మన కొలువుల్లో ఎన్నడో ఉన్న పద్ధతే అది. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు 14 నుంచి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ అని కొత్తది వచ్చింది. అక్కడ చూసేవాడు ఉంటాడు, కానీ వీసా కేసుకు రుసుము మూడున్నర వేల ఆస్ట్రేలియా డాలర్ల దరిదాపు. గెలిస్తే సగం వెనక్కి. అమెరికాలో అప్పీలుకో, మళ్ళీ చూడమనో ఐ-290బి ఫారం పెట్టాలంటే 800 డాలర్లు, మామూలుగా 30 రోజుల గడువు. ఆ గడువులో లాయరు దొరకాలి, కాగితాలు కూడాలి, డబ్బు కుదరాలి. అర్జీకి స్టాంపు కొనలేని రైతుకు మా తహసీల్దారొకాయన సొంత జేబులోంచి ఇవ్వటం చూసినవాణ్ణి. ఈ రుసుములు చూస్తే నాకు కడుపు మండుతుంది.

గల్ఫ్ సంగతి మరీ ఘోరం. మా వైపు కంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదుల నుంచి పోయినవాళ్ళు ఎక్కువ. అయినా మన వైపు మేస్త్రీలు, డ్రైవర్లు లేకపోలేదు. సౌదీలో కఫీలు, అంటే పనిచ్చిన యజమాని, పనివాడు పారిపోయాడని కంప్యూటర్లో హురూబ్ పెట్టేస్తే, ఆ పనివాడికి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, పనిచేయదు. జీతం అడిగినందుకు పెట్టారో, నిజంగా పారిపోయాడో తెర మీద కనపడదు. దాన్ని తీసేయమని అడగాలంటే అరబ్బీలోనో ఇంగ్లీషులోనో అడగాలి. పదో తరగతి దాటని మేస్త్రీ ఏం అడుగుతాడు? కాగితాలు లేని కల్లివెల్లి అయిపోయి, పోలీసును చూస్తే గోడ చాటుకు తప్పుకుంటూ ఏళ్ళు గడుపుతాడు. 2013లో స్థానికులకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ సమయంలో సౌదీ రాజు గడువు ఇచ్చి, దాన్ని నవంబరు దాకా పొడిగించాడు. అప్పుడు మనవాళ్ళు రియాద్‌లో ఎంబసీ ముందు, ఊరికి తిరిగి రావటానికి కావాల్సిన ఔట్‌పాస్ కోసం వరసలు కట్టారు. ఎండలో పడిగాపులు పడ్డారు, నిజమే. అయితే ఆ వరసలో ముందున్నవాడు వెనకున్నవాడికి ఫారం నింపిపెట్టాడు, కౌంటరులో మనిషి తెలుగువాణ్ణి వెతికి పిలిచి మాట్లాడించాడు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు 31 దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు ఆన్‌లైనూ పెట్టారు, దుబాయి అల్ అవీర్ దగ్గర మనుషులు కూర్చున్న కేంద్రమూ పెట్టారు. జరిమానాలు మాఫీ చేశారు, తిరిగి రావటానికి నిషేధం లేదన్నారు. రెండూ కలిపి పెట్టారు చూడండి, పద్ధతి అంటే అది.

మన కేంద్రం 2015లో మదద్ అనే పోర్టల్ తెచ్చింది. విదేశంలో చిక్కుకున్నవాడి తరఫున ఇంట్లోవాళ్ళు ఫిర్యాదు పెట్టొచ్చు, నంబరు వస్తుంది. మంచిదే. కానీ పాలకీడులో ఆ ఫిర్యాదు ఎవరు పెడతారు? నెట్ సెంటర్ కుర్రాడు. వాడికి పాస్‌పోర్టు నంబరు ఎక్కడ వేయాలో తెలుసు, అకామా అంటే ఏమిటో, హురూబ్ అంటే ఏమిటో తెలియదు. తల్లి చెప్పిన ముప్పై మాటల్లో మూడు మాటలు టైపు చేస్తాడు. ఆ మూడు మాటలు చూసి ఎక్కడో ఒకరు కేసు మూసేస్తారు. అర్జీ రాయటం ఒక విద్య. మా తాలూకా ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే అర్జీనవీసుకు, పది రూపాయలు తీసుకున్నా, ఏ సెక్షను కింద అడగాలో తెలిసేది.

2024 సెప్టెంబరు 27న హైదరాబాదు ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టారు. గల్ఫ్ పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కాగితం తీసుకుపోయి మనిషి చేతికి ఇచ్చే చోటు అది. పెట్టినవాళ్ళకు నా దండం. కానీ పాలకీడు నుంచి హైదరాబాదు పోవాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ, ఒక రాత్రి ఎక్కడో పడుకోవాలి. సూర్యాపేట కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజావాణి జరుగుతూనే ఉంది, భూమి బల్ల, పింఛను బల్ల వేస్తూనే ఉన్నారు. ఆ వరసలో విదేశీ కేసుల బల్ల ఒకటి వేసి, అమెరికా ఫారాలు, గల్ఫ్ ఫారాలు తెలిసిన ఒక్క ఉద్యోగిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వార్డ్ నంబరు వేసి రసీదు ఇవ్వమనండి. మొదటి రిజిస్టరుకు గీతలు నేను కొట్టి పెడతాను.