డాబా మీది జెన్కో

డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు బిగించుకున్న పెద్దమనిషిని గుర్తుపట్టడం సులువు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో నెట్ మీటరు ముందు హాజరు. మబ్బు పట్టిందంటే కొత్తల్లుడు అలిగినంత దిగులు. పలక మీద కాకి రెట్ట వేస్తే తడిగుడ్డతో పరుగు. సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చిన 78,000 రూపాయల సబ్సిడీ ఊసు ఎత్తడు గానీ, రోజుకు 12 యూనిట్లు తీస్తున్నానని పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించేవాడికి కూడా చెబుతాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: ఇచ్చిన యూనిటూ, పుచ్చుకున్న యూనిటూ సమానం.

సమానం కాదు. మధ్యాహ్నం ఆయన పంపిన కరెంటు పక్కింటి ఏసీలోకే పోతుంది. ఎక్కడి నుంచో రావలసిన థర్మల్ కరెంటు తీగల్లో వేడెక్కి వృథా అయ్యే బాధ ఆ మేరకు తప్పింది, బొగ్గు మిగిలింది. బిల్లులో కనబడని ఈ గొప్ప ఆయనకే తెలియదు, పాపం! కానీ పొద్దుగూకాక ఊరందరితో పాటు తనూ ఏసీ వేసి, పగటి బాకీ చెల్లించమంటాడు. మే నెలలో మామిడిపళ్లిచ్చి సంక్రాంతికి అన్నే పళ్లు అడిగినట్టు. కాలిఫోర్నియాలో ఈ చిక్కే ముదిరి, 2023 ఏప్రిల్ నుంచి కొత్త సోలార్ ఇళ్లు గ్రిడ్‌కు పంపే కరెంటుకిచ్చే ధర బాగా కోసేశారు.

సోలార్ ఇళ్లు కట్టని తీగల ఖర్చు డాబా లేని అద్దె ఇంటివాడి మీద పడుతుందన్న అభ్యంతరం న్యాయమే. అందుకని కొత్త కనెక్షన్లు ఆపడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం. పూటను బట్టి ధర కడితే సరి. పైగా ఆంధ్రలో సాగుకు 9 గంటల ఉచిత కరెంటు పగటిపూటే ఇస్తామంటున్నప్పుడు, మధ్యాహ్నపు యూనిట్లకు గిరాకీ లేదనడం చోద్యం. తీగలకు అద్దె తనెందుకు కట్టాలంటాడా మన పెద్దమనిషి? ఎర్రటి ఎండలో కరెంటు పోయినప్పుడు చూడాలి ఆయన్ని. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాకు కొట్టకూడదని, బ్యాటరీ లేని ఆయన ఇన్వర్టరూ తనంతట తనే ఆగిపోతుంది. నెత్తిన పలకలు నిగనిగలాడుతుంటే, కింద జెన్కో యజమాని విసనకర్రతో విసురుకుంటూ కరెంటాఫీసుకు ఫోన్ మీద ఫోన్.