చెప్పను గానీ అన్న

“నేను చెప్పను గానీ, ఆ మెస్సు నడిపే హోమియోపతి డాక్టరు మీద ఒక కన్నేసి పెట్టప్పా.”

డిస్కు అప్పుడే లోపలికి పోయింది. తెరమీద పేర్లు పడతా ఉన్నాయి. బ్యోమకేశ్ బక్షీ అనే మనిషి ఇంకా కనబడనే లేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడమీది గదిలో ఆరుగురం చాప పరుచుకుని, వేయించిన శనక్కాయలు మధ్యలో పోసుకుని కూర్చోనుంటే, హత్య జరగకముందే హంతకుడు దొరికిపోయినాడు. ఆ ఆదివారం నుంచి ఆయనకు ‘చెప్పనుగానీ అన్న’ అనే పేరు స్థిరపడింది. అసలు పేరు రేషన్ కార్డులో మాత్రం ఉంది.

(ఆ కథలో హంతకుడెవరో ఇప్పుడు మీక్కూడా తెలిసిపోయింది కదూ. ఏం చేసేది, ఏళ్ళ తరబడి సావాసం. అంటుకుంటుంది.)

అన్న ఆర్టీసీలో చెకింగ్‌లో పనిచేసి రిటైరైనాడు. ఏ చింతచెట్టు నీడనో నిలబడి, చెయ్యెత్తి బస్సాపి, ఎక్కీ ఎక్కగానే టికెట్లు అడిగేవాడు కాదంట. ముందు ముఖాలు చూసేవాడంట. “టికెట్ లేనోడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. ముదిరినోడైతే నిద్రపోతాడు. హంతకుడైనా అంతే” అని ఆయన సిద్ధాంతం. బస్సులో ఇది ఎంత పనిచేసిందో నాకు తెలీదు గానీ, టీవీలో మాత్రం కొంప ముంచుతుంది. ఆ బెంగాలీ ఇళ్ళ నిండా కిటికీలే. ఒక్కో కథలో నలుగురైదుగురు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడతారు. అన్న లెక్క ప్రకారం అందరూ టికెట్ లేనోళ్ళే.

రిటైరైన రోజు డిపోలో దండేసి, శాలువా కప్పి, స్వామివారి పటం ఇచ్చినారు. బెంగుళూరులో ఉండే కొడుకు మాత్రం బ్యోమకేశ్ బక్షీ డీవీడీల సెట్టు తెచ్చిచ్చినాడు. 1993లో దూరదర్శన్‌లో మొదలైన సీరియల్ అది. శరదిందు బందోపాధ్యాయ 1932లో పుట్టించిన మనిషిని బాసు చటర్జీ హిందీలో బతికించినాడు. రజిత్ కపూర్ పంచె కట్టుకుని, శాలువా కప్పుకుని, అరుపుల్లేకుండా ఆలోచిస్తా కూర్చుంటాడు. పక్కన అజిత్‌గా కె.కె.రైనా. ఆ బ్యోమకేశ్‌ను డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, సత్యాన్వేషి అనాలి. ఈ ముక్క అన్నకు బాగా పట్టింది. “మాదీ అదే పనిప్పా. చెకింగ్ అని పిలిచినారు గానీ, మేము చేసింది సత్యాన్వేషణే” అన్నాడు. ఆ నటుడే తరవాత శ్యామ్ బెనెగల్ సినిమాలో గాంధీగా వేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడని నేను చెప్తే, “చూస్తివా, సత్యాన్ని వదల్లేదు” అని తనకే వచ్చినంత సంబరపడినాడు.

సెట్టు బీరువాలో ఉంటుంది. పైఅరలో వదిన కాసులపేరు, దాని కింద ఇంటి దస్తావేజులు, ఆ కింద బ్యోమకేశ్. బదులు ఇస్తాడు గానీ, అప్పనంగా కాదు. కండక్టర్ల ఎస్సార్ షీటులాగా గళ్ళు గీసిన ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంది. తీసుకున్నవారు, తేదీ, వాపసు, గీతలు – నాలుగు గళ్ళు. డిస్కును ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి, “పాత గీతలు రెండు” అని మన ఎదురుగానే రాసి, మన చేత సంతకం పెట్టించుకుంటాడు. తిరిగిచ్చినప్పుడు మూడు గీతలుంటే మాట్లాడడు. మన ముఖం చూస్తాడు. మనం కిటికీలోంచి బయటికి చూస్తాము.

డిస్కు చేతికిచ్చి గుమ్మందాకా వచ్చి, చెప్పులు తొడుక్కునే సమయానికి అంటాడు: “నేను చెప్పను గానీ...”

ఈ జబ్బు డీవీడీలతో వచ్చింది కాదు. మా చిన్నప్పుడు అద్దెపుస్తకాల బంకులో కొమ్మూరి సాంబశివరావు నవలలు రోజుకింత అని తెచ్చుకునేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్ గదిలోకి అడుగుపెడతా ఉంటే మా గుండెలు దడదడలాడేవి. సరిగ్గా పన్నెండో పేజీలో, ఎవడో ఒక పాత్ర పేరు కింద పెన్సిలుతో గీతకొట్టి, పక్కన బాణం గుర్తేసి, “వీడే” అని రాసుండేది. ఏ నవల తెచ్చినా అదే దస్తూరి. ఆ పెన్సిలు చేసిన పాపాలకు ఊరు ఊరంతా శాపనార్థాలు పెట్టింది. ముప్పై ఏళ్ళ తరవాత, నోట్‌బుక్కులో “పాత గీతలు రెండు” అని అన్న రాస్తా ఉంటే, ఆ ‘డ’ వంపు దగ్గర నా చూపు నిలిచిపోయింది. అడగలేదు. కొన్ని కేసులు మూసేయడమే మర్యాద.

ఇంత చెప్పి, ఆయన ఎంత తెలివైన అపరాధ పరిశోధకుడో అని మీరనుకుంటే పొరపాటు. ముందే చూసుంటే తప్ప అన్న ఏ హంతకుడినీ పట్టుకోలేదు. దానికి సాక్ష్యం ‘మర్మదేశం’. 1990ల చివర్లో మా తిరుపతి, చిత్తూరు ఇళ్ళల్లో సన్ టీవీ సొంత టీవీ మాదిరే నడిచేది. అరవం చదవడం రాకపోయినా వినడం అందరికీ వచ్చు. బాలచందర్ సంస్థ తీసిన సీరియల్. ఇందిరా సౌందర్‌రాజన్ రాస్తే నాగా తీసినాడు. అందులో ‘విడాదు కరుప్పు’ అనే కథలో, పల్లెలో తప్పుచేసినవాళ్ళను కావలిదేవుడు గుర్రమెక్కి వచ్చి శిక్షిస్తాడని ఊరంతా నమ్ముతుంది. గుర్రం డెక్కల చప్పుడు వినబడితే మా వీధిలో పిలకాయలు దుప్పట్లో దూరేవాళ్ళు. వారానికొకసారి వచ్చేది. అన్న వారానికొకరిని హంతకుడన్నాడు. పూజారి అన్నాడు, ముసలామె అన్నాడు, డాక్టరమ్మ అన్నాడు, ఒక వారం గుర్రాన్నే అనుమానించినాడు. అందరినీ ఒక చుట్టు చుట్టినాక, ఎవరో ఒకరు హంతకులు కాక తప్పదు గదా. ఆ రాత్రి గేటు చప్పుడు చేసుకుంటా వచ్చి, “చెప్పలా?” అన్నాడు.

అందుకే డీవీడీ ఆయన పాలిట వరమైంది. వారం వారం చూసే సీరియల్‌లో ఆయనా మనమూ ఒకటే, అందరం చీకట్లోనే. డిస్కు బీరువాలోకి వచ్చినాక, మొత్తం వీధిలో తెలిసినవాడు ఆయనొక్కడు. తెలిసింది దాచుకోవడంలో ఉండే సుఖం ఎంతో, నోరు జారడంలో ఉండే సుఖం అంతకు రెండింతలు. ఆ రెండు సుఖాలూ ‘చెప్పను గానీ’ అనే రెండు మాటల్లో పడతాయి.

లండన్‌లో ‘ది మౌస్‌ట్రాప్’ అనే అగాథా క్రిస్టీ నాటకం 1952లో మొదలై, కరోనా కాలంలో ఆగింది తప్పితే ఆడతానే ఉంది. ఆట ముగిసినాక, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని వేడుకోవడం అక్కడ ఆనవాయితీ. డెబ్బై ఏళ్ళు జనం ఆ మాట మన్నించినారంటే, అన్నకు వీసా దొరకలేదనే అర్థం.

ఒక్క కథలకే కాదు. పెళ్ళిచూపులకు పోతా ఉంటే “నేను చెప్పను గానీ, పిల్ల మేనమామను కదిలించి చూడు” అంటాడు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టినప్పుడు, ఎక్కడో విజయనగరం నుంచి వచ్చినాయన్ని పట్టుకుని, “చెప్పను గానీ, ఇంగ రెండు గంటలు పడుతుంది” అంటాడు. దేవుడి దగ్గర కూడా ముగింపు ముందే చెప్పేసే రకం.

నిజానికి మా ఊళ్ళో డిటెక్టివ్ కథ నడవడమే కష్టం. పొద్దున గడ్డం, మీసం, గిరజాల జుట్టుతో అలిపిరి దాటినవాడు సాయంత్రానికి నున్నటి గుండుతో, చందనం పూసుకుని దిగుతాడు. ఆనవాళ్ళు ఏమని రాసుకుంటాడు బ్యోమకేశ్? పైగా జిల్లాకు జిల్లాకే డిటెక్టివ్ అవసరం లేకుండా కాణిపాకం ఉంది. బాకీ ఎగ్గొట్టినోడైనా, గొలుసు పోయినా, “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” అంటే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. కోనేట్లో మునిగి వినాయకుడి ముందు అబద్ధమాడే గుండె ఎవరికుంది? ఆ ఊరి కథ కూడా దొంగతనం కథే. లిఖితుడు ఆకలికి ఆగలేక పరాయి తోటలో మామిడిపండు తిన్నాడు. తన అన్న శంఖుడు రాజు దగ్గరికి తీసుకుపోతే, చేసిన తప్పు ఒప్పుకున్నాడు. రాజు చేతులు నరికించినాడు. ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చినాయి. అందుకే అది బాహుదా నది అయింది.

మొన్న ఎండాకాలంలో ఆఖరి డిస్కు పోయింది.

అది మామూలు డిస్కు కాదు. గీతలు పడి, సరిగ్గా బ్యోమకేశ్ అందరినీ కూర్చోబెట్టి “హంతకుడు ఎవరంటే” అని నోరు తెరిచేచోట ఆగిపోతుంది. తీసుకుపోయినవాళ్ళు రాత్రి పదకొండుకు కూడా తలుపు కొట్టి, “ఎవరన్నా?” అని అడగాల్సిందే. సెట్టులో అన్నకు ప్రాణమంతా దానిమీదే. అది పోయేసరికి మనిషి సగమైనాడు. నోట్‌బుక్కు తీసి, ఆఖరున సంతకం పెట్టిన ఏడుగురినీ మేడమీదికి పిలిపించినాడు. పంచె కట్టి, ఆ ఎండలో డిపోవాళ్ళిచ్చిన శాలువా కూడా కప్పినాడు. ఒక్కొక్కరి ముఖం చూసినాడు. ఉక్కపోతకు గాలి కోసం ఏడుగురమూ కిటికీవైపే చూస్తా ఉండినాము.

“ఇట్ల తేలదు. ఆదివారం కాణిపాకం పోదాం. అందరూ ప్రమాణం చేయాల” అన్నాడు.

వదిన మజ్జిగ గ్లాసులు పెడతా, “పోదాం. అట్నే మా పుట్టింటికి పోయొద్దాం, కాయలు దిగే కాలం” అనింది. ఆ మాటను ఎవరమూ పట్టించుకోలేదు. బ్యోమకేశ్ ఉండుంటే పట్టించుకునుండేవాడు.

ఆదివారం పొద్దున ముందు పుట్టింటికే పోయినాము. కాణిపాకానికి అవతల, తోతాపురి తోట. ఆమె తమ్ముడు చెట్లకింద గంపలు సర్దుకుంటా ఉన్నాడు. చిలకలు రాకుండా కొమ్మలకు పాత సినిమాల సీడీలు, పాటల సీడీలు దారాలతో వేలాడగట్టినాడు. గాలికి తిరగతా, ఎండకు తళతళమంటా ఉన్నాయి. అన్న తోటలో అడుగుపెట్టి, అలవాటు కొద్దీ ఒక్కొక్క చెట్టూ తేరిపార చూస్తా నడిచినాడు.

వదిన వెనకనుంచి నెమ్మదిగా అనింది: “నేను చెప్పను గానీ, ఆ మూలనుండే నీలం చెట్టు మీద ఒక కన్నేసి పెట్టండి.”

మేమెవరమూ కాణిపాకంలో మునగలేదు. దణ్ణం పెట్టుకుని, గంపెడు కాయలతో తిరిగొచ్చినాము. బస్సులో అన్నకు కిటికీ పక్కన సీటు దొరికింది. పూతలపట్టు దాటేదాకా బయటికే చూస్తా కూర్చున్నాడు. “ఇంతకీ ఎవరు తీసిండేది అన్నా?” అని వెనక సీటు పిల్లోడు అడిగితే, నిద్రపోయినాడు.

నేను ఆ తరవాతి వారం డిస్కు కోసం పోయి సంతకం పెట్టేటప్పుడు పైవరుస చూసినాను. తీసుకున్నవారు: రామచిలకలు. వాపసు: కాయలు దిగినాక.