పట్టీ అన్న

రాయికల్, కోరుట్ల, జగిత్యాల... ఎక్కడ చూసినా ఫోన్లు బాగుచేసే దుకాణాలకు కొదువ లేదు. వాటిల్లో ఏదో ఒకదాంట్లో పట్టీ అన్న కూర్చుని ఉంటాడు. గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, సెంటు సీసాలతో పాటు స్టాటిక్ కరెంటును ఆపే నీలం రంగు మణికట్టు పట్టీ ఒకటి తెచ్చుకున్న మనిషి.

షట్టర్ ఎత్తకముందే పట్టీ చేతికెక్కుతుంది. చాయ్‌కి పోయినా, బరాత్‌లో ఎగిరినా ఊడదు. దాని మెలికల తీగ చివరి క్లిప్పు మాత్రం అంగీ జేబును కరచుకుని ఉంటుంది. అసలది ఎర్త్‌కు తగలాలి. ఒంట్లో పోగైన చార్జి నేలలోకి పోవడానికే ఆ తీగ. అందులో 10 లక్షల ఓమ్‌ల రెసిస్టర్ కూడా ఉంటుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా ఒంట్లోంచి పోయేది పావు మిల్లీఆంపియర్ లోపే. ఇదంతా ఎందుకని అడిగితే అన్న ఒక్క మాటలో తేలుస్తాడు: "సేఫ్టీ తమ్మీ!"

ఆ అంగీ పాలిస్టర్. సిరిసిల్ల మరమగ్గాల మీద తానులు తానులుగా దిగే రకమే. చలికాలం గాలి పొడిబారిన రోజున ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచేసరికి ఒంటి మీద వేల వోల్టులు చేరొచ్చు. వేలికి చురుక్కుమనాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి. నాజూకు చిప్పులు కొన్ని 100 వోల్టుల లోపే పోతాయి. అన్నకు చీమ కుట్టినట్టయినా ఉండదు, చిప్పు పని అయిపోతుంది.

కొత్త బోర్డుతో వచ్చే వెండి రంగు కవరు స్టాటిక్‌ను లోపలికి రానీయదు. అన్న అందులో వక్కపొడి దాచుకుని, బోర్డును థర్మోకోల్ ముక్క మీద పడుకోబెడతాడు. ఆపైన నైలాన్ బ్రష్షుతో దుమ్ము రుద్దుతాడు. చార్జి పుట్టించమని పని అప్పజెప్పినా ఇంత శ్రద్ధగా చేయడు.

ఓసారి ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు విప్పాడు. ఎర్త్ కోసం ఉండే మూడో రంధ్రం వెనక తీగే లేదు! దుకాణం వెనక గుంత తవ్వి, ఇనుప పైపు దింపి, ఉప్పూ బొగ్గూ పోయాలన్నాడు. ఎండాకాలం నీళ్లు కూడా పోస్తుండాలన్నాడు.

"గంత ఖర్చెందుకే? పట్టీ ఉంది గదా," అన్నాడు అన్న.

స్టాటిక్ దెబ్బ తిన్న చిప్పు అన్నిసార్లూ అక్కడికక్కడే చావదు. గాయంతోనే కొన్నాళ్లు నెట్టుకొచ్చి, ఓ పొద్దున మొరాయిస్తుంది. ఫోన్ పట్టుకుని గిరాకీ మళ్లీ వస్తాడు. అన్న భూతద్దంలోంచి చూసి, పట్టీ సర్దుకుని, తీర్పు చెప్తాడు:

"ఫోన్ల నీళ్లు పడ్డయి తమ్మీ."

"మా బోర్లనే నీళ్లు పడుతలేవు, ఫోన్లెట్ల పడ్డయే అన్నా?"